సీ బుక్కు లేని పాత బండి: సొంతం చేసుకోవడానికి చట్టం చూపే దారులు

మన దేశంలో మోటారు వాహనానికి యాజమాన్య దస్తావేజు అంటూ విడిగా ఉండదు. రవాణా శాఖ రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్ 30వ క్లాజు యజమానికి ఇచ్చిన నిర్వచనం ఇదే. ఊళ్ళో సీ బుక్కు అనీ, ఆర్సీ అనీ పిలిచే కాగితం ఆ రిజిస్టరులోని వివరాలకు ధ్రువపత్రం. పట్టాదారు పాస్‌బుక్కు పోయినంత మాత్రాన 1-బి రికార్డులో రైతు పేరు చెరిగిపోదు. సీ బుక్కు సంగతీ అంతే. కాబట్టి కాగితాల్లేని పాత బండి చేతికొచ్చినవారు మొదట తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ బండి ఇప్పటికీ ఎవరి పేరున ఉంది? దానికి జవాబు దొరికితే ఏ దారిలో వెళ్ళాలో దానంతటదే తెలుస్తుంది.

కాగితాలు ఎలా పోతాయి

తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే రోడ్డు మీది నందివెలుగులోనూ, అటు కొల్లిపర, దుగ్గిరాల మొదలుకొని ఇటు రేపల్లె, బాపట్ల దాకా డెల్టా ఊళ్ళలోనూ పాత బళ్ళకు కొదవ లేదు. పాల క్యాన్లు మోసిన రాజ్‌దూత్, పొలం గట్ల మీద తిరిగిన టీవీఎస్ 50, పెద్ద రైతుల ఇళ్ళ ముందు నిలిచిన బుల్లెట్, మైసూరు నుంచి వచ్చిన ఎజ్డీ, 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ కొట్టాల్లో, మెకానిక్ షెడ్లలో కనిపిస్తాయి. వాటిని బాగుచేయించి నడపాలనే కుర్రాళ్ళు పెరిగారు. తండ్రి నడిపిన బండిని పోగొట్టుకోలేక దాచుకున్న కుటుంబాలూ ఉన్నాయి.

ఈ బళ్ళలో చాలావాటికి కాగితాలు లేకపోవడానికి కారణాలు మామూలువే. బండి నోటి మాట మీద చేతులు మారింది. అమ్మినాయన ట్రాన్స్‌ఫర్ ఫారాల మీద తేదీ వేయకుండా సంతకం పెట్టి ఇచ్చేశాడు. కొన్నాయన పేరు మార్పించుకోకుండానే మరొకరికి అమ్మాడు. అసలు యజమాని కాలం చేశాడు. అప్పిచ్చిన ఫైనాన్స్ సంస్థ మూతపడింది. 2009 అక్టోబరులో, మళ్ళీ 2024 సెప్టెంబరులో కృష్ణకు పెద్ద వరద వచ్చినప్పుడు లంక ఊళ్ళలో నీళ్ళు చేరిన ఇళ్ళలో ఇలాంటి కాగితాలు ఎన్నో పాడైపోయాయి.

ఇవన్నీ బయటికి ‘కాగితాల్లేవు’ అనే ఒకే మాటగా వినిపిస్తాయి. రవాణా శాఖ కార్యాలయంలో మాత్రం ఒక్కో సమస్యకు ఒక్కో ఫారం, ఒక్కో పద్ధతి ఉన్నాయి.

పేరు మారకపోతే వచ్చే చిక్కు

కొన్నవారు పేరు మార్పించుకోకపోతే ఇరుక్కునేది వారొక్కరే కాదు, అమ్మినవారు కూడా. నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఈ విషయం తేల్చి చెప్పింది. అందులోని కారును యజమాని 2007లో అమ్మేశాడు. ఆ తర్వాత అది మరికొన్ని చేతులు మారింది. రిజిస్టరులో పేరు మాత్రం మారలేదు. 2009లో ఆ కారు ప్రమాదం చేసింది. పరిహారం చెల్లించవలసిన బాధ్యత రిజిస్టరులో పేరున్న మొదటి యజమానిదేనని కోర్టు చెప్పింది. ఎప్పుడో అమ్మేసి మరిచిపోయిన బండి కూడా పాత యజమాని మెడకు చుట్టుకుంటుందని దీని అర్థం. పాత యజమానిని వెతుక్కుంటూ వెళ్ళి సంతకం అడిగేవారికి ఇది పనికొచ్చే మాట. పేరు మార్పు ఆయనకు కూడా రక్షణే.

నడిపేవారి కష్టాలు వేరు. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. బీమా లేకుండా నడిపితే 196వ సెక్షన్ కింద 2,000 రూపాయల జరిమానా గానీ మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. సరైన కాగితాలు లేని బండికి చెల్లుబాటయ్యే బీమా దొరకడం కష్టం. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే పరిహారం సొంత ఆస్తి నుంచి కట్టవలసి వస్తుంది.

మొదటి పని: బండి మీది అంకెలు

బండికి అసలైన గుర్తింపు నంబరు ప్లేటు కాదు, ఛాసీ నంబరు. చాలా మోటారు సైకిళ్ళకు అది హ్యాండిలు కింద, ఫ్రేము మెడ దగ్గర గుద్ది ఉంటుంది. ఇంజను నంబరు ఇంజను దిమ్మ పక్కన ఉంటుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు కింద ఈ అంకెలు కనపడవు. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడిచి, పలచని తెల్ల కాగితం అదిమిపెట్టి, పెన్సిలు మొనను అడ్డంగా పెట్టి రుద్దితే కాగితం నల్లబడి అంకెలు తెల్లగా పైకి తేలతాయి. రవాణా శాఖవారు పెన్సిల్ ప్రింట్ అనేది దీన్నే. ఆకురాయితో, ఉప్పు కాగితంతో గీకకూడదు. గీకిన ఛాసీ నంబరును చూడగానే తనిఖీ అధికారికి అనుమానం వస్తుంది.

అంకెలు వంకరటింకరగా ఉన్నా, ఆ చోట వెల్డింగు మచ్చలున్నా, రేకు ముక్క అతికించినట్టున్నా ఆ బండి జోలికి పోకపోవడం మేలు. రికార్డులోని ఇంజను నంబరు, ఛాసీ నంబరు బండి మీది నంబర్లతో కలవకపోతే 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం అధికారికి ఉంది. కొన్ని బళ్ళకు ఎప్పుడో ఇంజను మార్చి ఉంటారు. కొన్న బిల్లు వంటి ఆధారంతో ఆ మార్పును 52వ సెక్షన్ ప్రకారం రికార్డు చేయించుకున్నాకే మిగతా పనులు ముందుకు సాగుతాయి.

నంబరు ప్లేటు ఏం చెబుతుంది

రికార్డు ఏ కార్యాలయంలో ఉందో ప్లేటు చెబుతుంది. ఏపీ 07 గుంటూరు జిల్లాది. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు బాపట్ల, రేపల్లె కూడా గుంటూరు జిల్లావే కాబట్టి అక్కడి పాత బళ్ళు చాలావరకు ఏపీ 07 తోనే ఉంటాయి. అదే బాపట్ల జిల్లాలోకి వచ్చిన చీరాల, పర్చూరు, అద్దంకి వైపు బళ్ళు ప్రకాశం జిల్లా కోడ్ అయిన ఏపీ 27 తో కనిపిస్తాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 కోడ్ వచ్చింది గానీ పాత నంబర్లు అలాగే చెల్లుతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఏపీ 09, 10, 11, 12, 13 హైదరాబాద్, సికింద్రాబాద్‌లవి. ఏపీ 28, 29 రంగారెడ్డివి, 20 ఖమ్మానిది, 24 నల్గొండది. ప్లేటు మీద ఏపీ అని ఉన్నా 2014 జూన్ 2 తర్వాత వీటి రికార్డులు తెలంగాణ రవాణా శాఖవే. అలాంటి బండి నందివెలుగులో నడుస్తుంటే అది పొరుగు రాష్ట్రపు బండి కిందే లెక్క.

నంబరు తెలిశాక రవాణా శాఖ వెబ్‌సైటులో గానీ కార్యాలయంలో గానీ యజమాని పేరు, ఛాసీ నంబరు, ఫైనాన్స్ వివరాలు, గడువు సరిచూసుకోవాలి. కంప్యూటర్లు రాకముందు రిజిస్టరైన బళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో కనపడకపోవచ్చు. అంతమాత్రాన రికార్డు లేదనుకోనక్కర్లేదు. కార్యాలయంలోని పాత పుస్తకాల్లో వెతికించి, బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్‌కు, అంటే ఆ నమోదు వివరాల నకలుకు, దరఖాస్తు చేయాలి. పాత బీమా పాలసీ, పన్ను రసీదు, సర్వీసు పుస్తకం, చివరికి పాత చలానా చీటీ అయినా సరే, నంబరు, పేరు, తేదీ దొరికే ప్రతి కాగితమూ ఈ వెతుకులాటలో పనికొస్తుంది.

అలాగే బండి దొంగ సొత్తు కాదని నిర్ధారించుకోవాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్ సేవలో నంబర్లు ఇస్తే పోయిన వాహనాల జాబితాలో ఆ బండి ఉందో లేదో తెలుస్తుంది. దొంగ సొత్తు అని తెలిసీ దగ్గర ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. తెలియక కొన్నా బండి మాత్రం దక్కదు. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెప్పే మూల సూత్రం. దొంగతనం కింద బీమా సంస్థ పరిహారం చెల్లించేసి ఉంటే ఆ బండి మీద హక్కు సాధారణంగా ఆ సంస్థకు చేరుతుంది.

యజమాని ఉన్నాడు, బుక్కు లేదు

అన్నిటికన్నా తేలికైన సందర్భం ఇది. బుక్కు పోయినట్టు యజమాని పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ధ్రువపత్రం తీసుకుని, కేంద్ర మోటారు వాహనాల నియమావళి 53వ నిబంధన ప్రకారం ఫారం 26 లో డూప్లికేట్‌కు దరఖాస్తు చేయాలి. బాకీ ఉన్న చలానాలు, పన్ను ముందే కట్టాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ సంస్థ సమ్మతి కావాలి. మోటారు సైకిలు రిజిస్ట్రేషన్‌కు కేంద్రం నిర్ణయించిన రుసుము 300 రూపాయలు. డూప్లికేట్‌కూ, పేరు మార్పుకూ అందులో సగం. కార్డు ఖర్చు, సేవా రుసుము దీనికి అదనం.

దరఖాస్తు చేయవలసింది రిజిస్టరులో పేరున్న యజమాని మాత్రమే. కొన్నవారు ఆయనలా సంతకం పెట్టి డూప్లికేట్ తీసుకోవడం ఫోర్జరీ అవుతుంది.

అమ్మకం జరిగింది, పేరు మారలేదు

బండి అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. ఇందుకు ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. గడువు దాటితే ఆలస్య రుసుము పడుతుంది గానీ హక్కు పోదు. పదిహేనేళ్ళ కిందట కొన్న బండికైనా ఇవాళ పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

చిక్కంతా సంతకాల దగ్గరే వస్తుంది. బండి మూడు చేతులు మారినా రిజిస్టరులో మొదటి యజమాని పేరే ఉంటే ఆయన సంతకమే కావాలి. మధ్యలో కొని అమ్మినవారి రసీదులు బండి ఎలా చేతికొచ్చిందో చూపే సాక్ష్యాలుగా ఉపయోగపడతాయి, అంతకుమించి కాదు. పాత చిరునామాకు వెళ్ళి, ఊళ్ళో విచారించి, బంధువుల ద్వారా ఆ యజమానిని పట్టుకోవడమే అసలు పని. దొరికితే ముందు ఆయన చేత డూప్లికేట్ తీయించి, తర్వాత 29, 30 ఫారాలతో పేరు మార్పించుకోవచ్చు. ఆయన కాదంటే, లేదా అసలే దొరక్కపోతే, అమ్మకానికి గట్టి రుజువులున్నవారు సివిల్ కోర్టులో దావా వేసి, నిర్దిష్ట ఉపశమన చట్టం 34వ సెక్షన్ కింద తమ హక్కును ప్రకటించమని కోరవచ్చు. పాత మోపెడ్‌కు ఇంత ఖర్చు గిట్టదు. కుటుంబ జ్ఞాపకంగా నిలిచిన బుల్లెట్‌కు కొందరు సిద్ధపడతారు.

యజమాని కాలం చేసినప్పుడు

తండ్రి బండి కొడుకో కూతురో తమ పేరున మార్పించుకునే దారి 56వ నిబంధనలో ఉంది. యజమాని చనిపోయిన 30 రోజుల్లోగా వారసులు రవాణా శాఖకు తెలపాలి. మూడు నెలల్లోగా ఫారం 31 లో దరఖాస్తు ఇవ్వాలి. పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదని నోటరీ చేయించిన అఫిడవిట్ వెంట ఉండాలి. బుక్కు కూడా పోయి ఉంటే పోలీసు ధ్రువపత్రం, ఫారం 26 వీటికి తోడవుతాయి. గడువు ఎప్పుడో దాటిన కుటుంబాలు కూడా ఆలస్య రుసుముతో ఇదే దారిలో వెళ్ళవచ్చు.

బండి కొన్నాక యజమాని చనిపోయిన సందర్భంలో ముందు వారసుల పేరుకు, తర్వాత వారి నుంచి కొన్నవారి పేరుకు మార్పు జరగాలి. చనిపోయినాయన బతికుండగా తేదీ వేయకుండా పెట్టిన సంతకాన్ని ఇప్పుడు వాడుకోవడం తగదు. ఆ తేదీ వేసిన నాడే అది అబద్ధపు కాగితం అవుతుంది.

తీరిన అప్పు, తీరని నమోదు

పాత సీ బుక్కుల్లో ఏదో ఒక బ్యాంకు పేరు ఉండిపోవడం మామూలే. అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, నమోదు మాత్రం తీసేయించుకోరు. దాన్ని తీయడానికి ఫారం 35 మీద అప్పిచ్చిన సంస్థ సంతకం, ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. బ్యాంకు పేరు మారిపోయిందని దిగులు పడనక్కర్లేదు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలోనూ, వైశ్యా బ్యాంకు వారసురాలైన ఐఎన్‌జీ వైశ్యా 2015లో కోటక్ మహీంద్రాలోనూ కలిశాయి. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పాత బ్యాంకు ఇచ్చిన అప్పులకు ఇప్పుడున్న బ్యాంకే ఎన్‌ఓసీ ఇవ్వాలి.

గడువు తీరిన రిజిస్ట్రేషన్, రాష్ట్రం మారిన బండి

సొంత వాడకపు మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25 తో ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని చూసి, బ్రేకులు, లైట్లు, హారన్, ఛాసీ నంబరు సరిగా ఉన్నాయని ఒప్పుకోవాలి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి మోటారు సైకిలు పునరుద్ధరణ రుసుము 1,000 రూపాయలు. 20 ఏళ్ళు దాటిన బళ్ళకు 2025 ఆగస్టులో దాన్ని 2,000 చేశారు. ఆలస్య రుసుము, రాష్ట్రం వసూలు చేసే హరిత పన్ను వేరు. ఢిల్లీ ప్రాంతంలో పాత వాహనాల మీద పెట్టిన ఆంక్షల గురించి విని ఇక్కడివారు కంగారు పడనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటిన బండిని పునరుద్ధరించుకుని నడపవచ్చు.

పొరుగు రాష్ట్రపు బండి అయితే 48వ సెక్షన్ కింద ఫారం 28 లో అక్కడి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. 12 నెలలకు మించి ఇక్కడే ఉంచుకునే బండికి 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానితో పాటు ఇక్కడి పన్ను కూడా కట్టాలి. పాత ఏపీ 09 బండి కొనేవారు బేరం ఆడేముందే ఈ ఖర్చును లెక్కలో వేసుకోవాలి.

యజమాని ఎవరో తెలియని బండి

పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికినది, అద్దెకున్నవారు వదిలేసి పోయినది, ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్నది ఈ కోవలోకి వస్తాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇలాంటి వాహనానికి పూచీకత్తు బాండు తీసుకుని యాజమాన్య పత్రం ఇస్తాయి. నిర్ణీత కాలంలో అసలు యజమాని వస్తే ఆ బాండు నుంచి నష్టం భర్తీ అవుతుంది. మన చట్టంలో అలాంటి ఏర్పాటు లేదు. దగ్గర ఉన్నంత మాత్రాన, బాగుచేయించినంత మాత్రాన బండి సొంతం కాదు.

చట్టబద్ధంగా ఉన్న దారి పోలీసుల ద్వారా సాగుతుంది. బండిని స్టేషన్లో అప్పగిస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద విషయం మేజిస్ట్రేటు ముందుకు వెళుతుంది. యజమాని తెలియకపోతే ఆరు నెలల్లోగా వచ్చి హక్కు నిరూపించుకోమని ప్రకటన వెలువడుతుంది. ఎవరూ రాకపోతే 504వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం దాన్ని అమ్మవచ్చు. స్టేషన్ల ఆవరణలో తుప్పు పడుతున్న బళ్ళకు జరిగే బహిరంగ వేలం పాటలు ఇలాంటి ప్రక్రియల చివరి అంకమే.

వేలంలో కొన్న బండికి 57వ నిబంధన గట్టి రక్షణ ఇస్తుంది. పాడుకున్నవారు 30 రోజుల్లోగా ఫారం 32 లో దరఖాస్తు చేయాలి. వేలం నిర్వహించిన అధికారి సంతకంతో అమ్మకాన్ని ఖరారు చేసిన పత్రం, వేలానికి అనుమతించిన ప్రభుత్వ ఉత్తర్వు నకలు జత చేయాలి. బండికి నంబరు లేకపోయినా, ఉన్న నంబరు తప్పుడుదని తేలినా దారి మూసుకుపోదు. రిజిస్టరింగ్ అధికారి ముందు వేలం వేసిన ప్రభుత్వ శాఖ పేరున కొత్త నంబరు కేటాయించి, ఆ తర్వాత పాడుకున్నవారి పేరుకు మారుస్తారు. పాత కాగితమే లేని బండికి మన చట్టంలో స్పష్టంగా కనిపించే కొత్త పుట్టుక ఇదొక్కటే. పాటకు వెళ్ళినప్పుడే ఆ బండిని రోడ్డు మీద నడపడానికి అమ్ముతున్నారా, తుక్కు కిందా అని అడిగి తెలుసుకోవాలి. తుక్కు కింద పాడుకున్న బండికి నంబరు రాదు.

వింటేజ్ నంబరు

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర వాహనాలకు 2021 జూలైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర కోడ్ తర్వాత వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000. అది పదేళ్ళు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించడానికి, మరమ్మతుకు తప్ప రోజువారీ వాడకానికి ఆ బండి పనికిరాదు. మన దేశంలో అంతకు ముందే రిజిస్టరైన బండికి పాత ఆర్సీ చూపాలి. కాబట్టి కాగితాల్లేని బండికి ఇది అడ్డదారిగా ఉపయోగపడదు.

పోకూడని దారులు

తుక్కుకు పోయిన బండి సీ బుక్కు కొని, దాని ఛాసీ నంబరును కోసి మరో బండికి అతికించి అమ్మేవారుంటారు. దొంగ ముద్రలతో బుక్కు చేసిచ్చేవారుంటారు. పైకి పని అయినట్టే కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ నాడో, ప్రమాదం జరిగిన నాడో అంకెలు పరీక్షకు వస్తాయి. అప్పుడు బండి పోతుంది, డబ్బు పోతుంది, క్రిమినల్ కేసు మిగులుతుంది. ఏజెంటు చేత ఫారాలు నింపించుకోవడంలో తప్పు లేదు. యజమాని సంతకం ఆ ఏజెంటు చేత పెట్టించుకోవడంలోనే ప్రమాదం ఉంది.

కొనేనాడే చేయవలసినవి

డబ్బు ఇచ్చే ముందు ఛాసీ నంబరు, ఇంజను నంబరు, రిజిస్టరులోని పేరు, ఫైనాన్స్, చలానాలు సరిచూసుకోవాలి. అమ్మేవారి ఆధార్ నకలు, తేదీ, సమయం, మొత్తం రాసిన రసీదు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. 29, 30 ఫారాల మీద అదే రోజు తేదీ వేయించి, గడువు లోపలే కార్యాలయంలో ఇవ్వాలి. అమ్మినవారు కూడా పేరు మారిందో లేదో తర్వాత ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలుంది. అది రాయించి ఉంచితే రేపు వారసులకు తిరుగుడు తగ్గుతుంది. పేరు మార్పుకు కేంద్రం పెట్టిన రుసుము 150 రూపాయలు. ఆ చిన్న పని ఆనాడే చేయకపోవడం వల్లే పైన చెప్పిన ఇన్ని చిక్కుల్లో చాలా వరకు పుట్టుకొచ్చాయి.